కన్యారాశీ, మిరపనారూ

మాస్టారు పోయారన్న కబురు మా తమ్ముడు తెచ్చాడు. జగ్గయ్యపేటలో తొలి బస్సెక్కి నందిగామలో దిగి, వానలో నడిచి వచ్చి, లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నేను మనవరాలి చేత భిన్నాలు చేయిస్తున్నాను.

"మాస్టారు పోయారక్కా. తెల్లారగట్ట, నిద్రలోనే. సాయంత్రం సమాధి చేస్తారంట," అన్నాడు.

మనవరాలు పెన్సిలు కింద పెట్టబోయింది. లెక్క పూర్తి చెయ్యమన్నాను. చేసింది. సరిచూసి, సరిగ్గా ఉందని చెప్పి, అప్పుడు లేచి చీర మార్చుకున్నాను.

నాకు దుఃఖం లేక అలా చేశానని ఎవరూ అనుకోవద్దు. మాస్టారి తరగతిలో పైకప్పు మీద పడుతున్నా లెక్క మధ్యలో లేవకూడదు. ఈ పత్రిక చదివేవారిలో ఆయన దగ్గర చదువుకున్నవారు చాలామందే ఉన్నారు. నందిగామలో రెండు తరాలకు లెక్కల మాస్టారంటే ఆయనే. ఆయన గురించి మీరంతా మంచి మాటలు చెప్పుకుంటున్నారు. అవన్నీ నిజాలే. నేనూ అవే రాద్దామని కూర్చున్నాను. కానీ వచ్చిన జవాబు రాయాలి గాని రావలసిన జవాబు రాయకూడదని నాకు నేర్పింది ఆయనే. అందువల్ల ఆయన నాకు ఇచ్చిందీ రాస్తాను, నా దగ్గర తీసుకున్నదీ రాస్తాను.

ఆయన తరగతిలోకి రబ్బరు తేకూడదు. తప్పు వస్తే దాని మీద ఒక్క గీత గీసి, కింద మళ్ళీ మొదలుపెట్టాలి. "తప్పు కూడా చదవడానికి వీలుగా ఉండాలమ్మాయ్," అనేవారు. నేను బడిలో పనిచేసినంత కాలం పిల్లల చేత అలాగే చేయించాను. ఇప్పుడు మనవరాలి చేత చేయిస్తున్నాను. మా ఇంట్లో రబ్బరు లేదు.

మా నాన్న కౌలు రైతు. నేను ఎనిమిదో తరగతి దాటగానే చదువు చాలన్నాడు. మాస్టారు ఒక సాయంత్రం మా పేటకు నడిచి వచ్చారు. ఆ రోజుల్లో హైస్కూలు మాస్టారు మా పేటలోకి రావడమంటే జనం అరుగుల మీదికి వచ్చి చూడడమే. మా నాన్న వేసిన నులకమంచం మీద కూర్చుని, "ఈ పిల్ల బడి మానితే రేపట్నుంచి నేనూ మానేస్తా," అన్నారు. మా నాన్న చేతులు కట్టుకుని, "అయ్యా, తమరు మానేస్తే ఊరంతా నన్ను తంతారండి," అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నేను టీచరునయ్యింది ఆ నవ్వు వల్లనే. ఇది చిన్న ఋణం కాదు. దీన్ని ఏ మాటా కొట్టివేయదు.

డెబ్బయ్యవ దశకం మొదట్లో ఆయన ఉద్యోగ విరమణ చేసి సొంత ఊరు జగ్గయ్యపేట వెళ్ళిపోయారు. అక్కడి క్రైస్తవ సంఘంలో ఆయన పెద్దరికం అప్పుడు మొదలైంది. మా తమ్ముడు పెనుగంచిప్రోలులో కౌలుకు చేస్తూ ఆ సంఘానికే వెళ్ళేవాడు. సెలవులకు నేనూ వెళ్ళేదాన్ని. ఆరాధన అయ్యాక మాస్టారింట్లో అమ్మగారు, అంటే ఆయన భార్య, మాకు అన్నం పెట్టేవారు. సాయంత్రం మేడ మీదికి. చీకటి పడుతుంటే ఆయన ఒక్కొక్క చుక్కనూ పేరు పెట్టి పిలిచేవారు. పుస్తకంలోని పేర్లూ తెలుసు, పొలంలోని పేర్లూ తెలుసు. కృత్తికలను పిల్లలకోడి అనేవారు. "మన తాతలు కోడినీ పిల్లల్నీ చూసిన చోట యోబు దేవుడి చేతిపనిని చూశాడు. ఇద్దరూ చూసింది వాటినే," అనేవారు.

ఆయన బైబిలు పక్కన ఎప్పుడూ పంచాంగం ఉండేది. సంఘ కాపరి అయ్యగారు ఒకసారి అది చూసి నొచ్చుకున్నారు.

"మాస్టారూ, విశ్వాసి ఇంట్లో పంచాంగం ఏవిటండీ?"

"చుక్కల్ని చేసినాయన ఎవరండీ?"

"ప్రభువే."

"పంచాంగం అచ్చేసినాయన బెజవాడలో ప్రెస్సు పెట్టుకున్నాయన. ప్రెస్సాయన మీద కోపంతో ప్రభువు చేసినవి చూడ్డం మానెయ్యమంటారా?"

అమ్మగారు వంటింట్లోంచి, "ఆయనతో వాదించి గెలిచినోళ్ళు లేరండి, మజ్జిగ తాగండి," అన్నారు.

జాతకాలంటే మాత్రం ఆయనకు గిట్టదు. ఎవరైనా మంచిరోజు అడిగితే, "శని అంత దూరాన తిరుగుతోంది నీ కూతురి పెళ్ళి కోసమా?" అని కసిరేవారు. గ్రహాలు మనుషుల గురించి ఏమీ చెప్పవు, ప్రభువు రాకడ గురించి చెబుతాయి అని ఆయన నమ్మకం. తూర్పు దేశపు జ్ఞానులు చుక్కను చూసి బయలుదేరలేదా అనేవారు. సూర్యచంద్ర నక్షత్రాల్లో సూచనలు ఉంటాయని ప్రభువే అన్నాడు కదా, మరి పైకి చూడడానికి మనకెందుకు భయం అనేవారు. దివిసీమ ఉప్పెన తరువాత ఆ మాటలకు బలం వచ్చింది. సముద్రం ఊళ్ళ మీదికి వచ్చినప్పుడు మా వైపు జనానికి ఆ శవాల వాసన తెలియకపోయినా బెదురు తెలిసింది. ఆదివారం ప్రసంగం అయ్యాక అయ్యగారి చుట్టూ కంటే మాస్టారి చుట్టూ ఎక్కువమంది చేరేవారు.

ఎనభైలో పెద్ద గ్రహణం వచ్చినప్పుడు జగ్గయ్యపేట వీధుల్లో కుక్కలు తప్ప ఎవరూ లేరు. తలుపులు, కిటికీలు మూసుకున్నారు. మాస్టారు మాత్రం పిల్లల్ని పోగుచేసి, అట్టముక్కకు సూదితో బెజ్జం పెట్టి, గోడ మీద సూర్యుడి బొమ్మను పడేశారు. బొమ్మ సన్నబడుతూ నెలవంకలా అయింది. వేపచెట్టు కింద నేల నిండా అలాంటి నెలవంకలే, వేలకొద్దీ, ఆకుల సందుల్లోంచి పడ్డవి. పిల్లలు వాటి మీద గెంతారు. నేను అడిగాను: "ఇది సూచన కాదా మాస్టారూ? సూర్యుడు నల్లబడతాడని రాసుంది గదా?"

"ఎప్పుడొస్తుందో ముందే లెక్క కట్టగలిగింది సూచనెలా అవుద్ది? లెక్కకి దొరికింది వేళ మాత్రమే," అన్నారు.

ఆ మాట గుర్తుంచుకోమని చదివేవారిని కోరుతున్నాను.

ఆ ఏడాది చివర నుంచి గురుడు, శని కన్యారాశిలో ఒకదానికొకటి దగ్గరయ్యాయి. ఒకసారి కలిసి విడిపోయి, మళ్ళీ కలిసి విడిపోయి, మూడోసారి కలవబోతున్నాయని మాస్టారు లెక్క కట్టారు. క్రీస్తు పుట్టే కాలంలోనూ ఇవే రెండు గ్రహాలు ఇలాగే మూడుసార్లు కలిశాయని ఎక్కడో ఇంగ్లీషులో చదివారు. ఆయనకు అప్పటికే చూపు మందగించింది. లెక్కలు నన్ను సరిచూడమన్నారు. నేను సంతోషంగా ఒప్పుకున్నాను. ఒకనాటి శిష్యురాలికి గురువు తన లెక్క దిద్దమని ఇవ్వడం కంటే గౌరవం లేదు.

నందిగామలో మా బడి మేడ మీద నిలబడి, చెయ్యి చాచి, రెండు గ్రహాల మధ్య ఎన్ని వేళ్ళు పడతాయో చూసేదాన్ని. మూడోసారికి చిటికెన వేలు అడ్డం పెడితే రెండూ దాదాపు దాని వెనకే దాక్కున్నాయి. ఆ సాయంత్రం పడమట మబ్బు లేదు. ఆకాశం చెప్పిన చోటికి చెప్పినట్టు వస్తే మనిషికి కలిగే ధైర్యం ఇంకోటి లేదు. ఆ ధైర్యమే నన్ను పట్టించింది.

ఆయన చెప్పిన అర్థం ఇది. ప్రకటన గ్రంథంలో యోహాను ఒక స్త్రీని చూశాడు. సూర్యుణ్ణి ధరించిన స్త్రీ, పాదాల కింద చంద్రుడు. ఆ స్త్రీయే కన్యారాశి. భాద్రపదం చివర సూర్యుడు కన్యారాశిలో ఉంటాడు, అంటే ఆమె సూర్యుణ్ణి ధరిస్తుంది. రాజగ్రహమైన గురుడు అప్పటికి ఆ వెలుగులో, ఆమె గర్భంలో ఉంటాడు. మహాలయ అమావాస్య దాటాక సన్నని చంద్రుడు ఆమె పాదాల కిందికి వస్తాడు. ఆ సాయంత్రం ప్రభువు రాకడకు మేఘద్వారం తెరుచుకుంటుంది.

"ఇదీ లెక్కకి దొరికిందే గదా మాస్టారూ," అన్నాను.

ఆయన లెక్కల కాగితాలు నా వైపు జరిపారు. "గ్రహణం ఒక్కటే ఒక్క సంగతి. ఇది మూడు సంగతులు ఒక చోట పడ్డం. నువ్వు లెక్క చూడు, అర్థం నాకొదిలెయ్యి," అన్నారు.

వదిలేశాను. గురువు కదా.

మా వైపు మిరప వేసేవారికి ఆగస్టు ముఖ్యమైన నెల. అప్పుడు నారుమడి చదును చేసి, గింజలు చల్లి, పైన వరిగడ్డి కప్పి, మొలక లేచాక గడ్డి తీసి, రోజూ నీళ్ళు చిలకరించి పెంచుతారు. సెప్టెంబరు చివర్లో ఆ నారు పీకి పొలంలో నాటుతారు. నారు పోయనివాడికి ఆ ఏడు మిరప లేదు. మా సంఘంలో కౌలు రైతులంతా మిరప మీదనే బతికేవారు. వాళ్ళకు సందేహం పట్టుకుంది. సెప్టెంబరు చివర ప్రభువే వస్తుంటే నారు ఎవరి కోసం? నారు పోస్తే విశ్వాసం లేనట్టా?

మాస్టారు పోయవద్దని ఎన్నడూ అనలేదు. ఆ ఒక్క మాటా న్యాయానికి రాస్తున్నాను. "నోవహు ఓడ కడుతుంటే పక్కింటాయన నారు పోసుకున్నాడు. మీ ఇష్టం," అనేవారు. ఆ మాట విన్నాక ఎవరు పోస్తారు?

అయినా కొందరు వెనకాడారు. అందుకే ఒక ఆదివారం మాస్టారు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు.

"నేనేం చెప్పాలండీ? ప్రసంగాలు నాకు రావు."

"ప్రసంగం నిన్నెవరడిగారు? లెక్క సరిగ్గా ఉందని చెప్పు. నువ్వు చెబితే నమ్ముతారు. నీ నోట తప్పు లెక్క వచ్చిందని ఈ తాలూకాలో ఎవడూ అనడు."

లేచి నిలబడ్డాను. గురుడు, శని, సూర్యుడు, చంద్రుడు ఎప్పుడు ఎక్కడ ఉంటారో చెప్పాను. మాస్టారి లెక్క అణువంత కూడా తప్పులేదని చెప్పాను. ఇవాళ అడిగినా అదే చెబుతాను, ఆ లెక్క తప్పు కాదు. కానీ విన్నవారికి వినబడింది వేరు. టీచరమ్మ కూడా చెప్పింది, ఇక సందేహం లేదు అనుకున్నారు. మా తమ్ముడు నారు కోసం దున్ని పెట్టుకున్న మడిని ఆ సాయంత్రమే వదిలేశాడు. "మాస్టారు చెప్తే సగం నమ్మా. నువ్వు చెప్పావు గాబట్టి పూర్తిగా నమ్మా అక్కా," అన్నాడు.

అతనికి పొలం కౌలుకిచ్చిన ఆసామి దారిలో కనబడితే ఆపి మరీ వేళాకోళం చేసేవాడు.

"ఏం అబ్బాయ్, నా పొలం బీడు పెట్టావ్. పైన మీకు పట్టాలిస్తున్నారంటగా?"

"ఇస్తున్నారండి."

"మాగాణా, మెట్టా?"

"వెళ్ళాక కబురు చేస్తానండి."

మా తమ్ముడు ఇది నాకు నవ్వుతూ చెప్పాడు. అతనికి ఇద్దరు పిల్లలు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినబడుతుంది.

అనుకున్న సాయంత్రం సంఘమంతా ఊరి బయటి గుట్ట మీదికి వెళ్ళాం. ఆడవాళ్ళు ఉతికిన తెల్లచీరలు కట్టుకున్నారు. ఆ పూట ఎవరూ పొయ్యి వెలిగించలేదు. సూర్యుడు దిగాడు. కాసేపటికి పడమట, చెప్పిన చోటనే, గోరు ముక్కంత చంద్రుడు కనబడ్డాడు. అందరూ మోకరించారు. పాట ఎత్తుకున్నారు. పాట అయిపోయింది. ఇంకో పాట. చంద్రుడు కూడా దిగిపోయాడు. ముక్త్యాల రోడ్డు మీద లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. ఒక చంటిపిల్ల ఏడుపు మొదలుపెట్టి ఎంతకీ మానలేదు. ఆ తల్లి అత్త లేచి, "పాలన్నా కాచాలి గదమ్మా, పద," అంది. ఆ మాటతో ఒక్కొక్కరే లేచారు. మాస్టారు చివరిదాకా పడమటికే చూస్తూ కూర్చున్నారు.

ఆకలితో దిగివచ్చిన జనానికి మాస్టారి వాకిట్లో పెద్ద గుండిగతో అన్నం, పప్పుచారు సిద్ధంగా ఉన్నాయి. అమ్మగారు గుట్ట మీదికి రాలేదని అప్పుడు గాని నేను గమనించలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

తరువాతి ఆదివారం ఆరాధన ముగిసేసరికి గుడి ముందు ఎడ్లబండి ఆగి ఉంది. బండి నిండా తడిగోనెల కింద మిరపనారు కట్టలు. ముక్త్యాల దగ్గర అమ్మగారి పుట్టింటివారు ఇచ్చిన పొలం చెక్కలో పెంచిన నారు. మాస్టారు మెట్ల మీద నిలబడి, "ఎవరికెంత కావాలో తీసుకోండయ్యా. నారు కాస్త ముదిరింది. కొసలు తుంచి నాటుకోండి," అన్నారు. మగవాళ్ళు ఏడ్చారు. అయ్యగారు చేతులెత్తి స్తుతించారు. ఐగుప్తు కరువులో యోసేపు ధాన్యం ఇచ్చినట్టుందన్నారు. ఆ ఏడు మా సంఘంలో ఒక్క కుటుంబమూ పస్తు పడుకోలేదంటే కారణం ఆ బండి. దీన్నీ న్యాయానికి రాస్తున్నాను.

మా తమ్ముడి కట్టలోంచి ఒక మొక్క తీసి చూశాను. జానెడు దాటింది. కాడ పెన్సిలంత లావు. నేను కౌలు రైతు కూతుర్ని. ఎక్కాల కంటే ముందు నారు వయసు చెప్పడం నేర్చుకున్నాను. ఆ మొక్క గుట్ట దిగాక పోసిన గింజది కాదు. గుట్ట ఎక్కడానికి ముందుది. నన్ను లేపి సాక్ష్యం చెప్పించడానికి కూడా ముందుది.

ఆ మధ్యాహ్నం అన్నానికి కూర్చోలేదు. వరండాలో ఆయన ఒక్కరే ఉండగా మొక్కను ముందు పెట్టాను.

"ఇది ఎప్పుడు పోశారు మాస్టారూ?"

ఆయన మొక్కను చూడలేదు. "నీకు తెలిసే అడుగుతున్నావు," అన్నారు.

"నన్ను నిలబెట్టడానికి ముందే మీకు అనుమానం ఉంది."

"ఉంది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు లేచేదానివి కాదమ్మాయ్."

నేను దిగ్భ్రమ చెందలేదు. ఆ జవాబు ఎంత సరళంగా ఉందో అంత కచ్చితంగా ఉంది. ఆయన ఎప్పుడూ అలాగే జవాబిచ్చేవారు.

"నువ్వు సరిగ్గా ఉందంటే నా అనుమానం పోతుందేమో అనుకున్నా. నువ్వు చెప్పిన రోజు పోయింది కూడా. ఇంటికి వచ్చేసరికి మళ్ళీ వచ్చింది," అన్నారు.

"వచ్చే ఆదివారం ఇదే మాట సంఘంలో చెప్పండి. తప్పు మీద గీత గియ్యండి. మీరు నేర్పిందే."

"నారు అందింది గదా. ఎవరికీ నష్టం రాలేదు గదా."

"నాకు వచ్చిందండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. మరుసటి ఆదివారం ఆయన చెప్పలేదు. ఆపై ఆదివారమూ చెప్పలేదు. ప్రభువు కనికరించి గడువు పొడిగించాడని అయ్యగారు ప్రసంగించారు. మాస్టారు తల వంచుకుని విన్నారు.

ఆయన లెక్క తప్పినందుకు నేను బాధపడలేదని చదివేవారు గ్రహించాలి. రాకడ వేళ ఎవరికీ తెలియదని ప్రభువే చెప్పాడు, తెలుసుకోబోయి మాస్టారు పొరబడ్డారు. అది మనిషి పొరపాటు. కానీ తన చేతులతో నమ్మనిదాన్ని నా నోటితో నమ్మించారు. గింజలు చల్లిన చేత్తోనే నన్ను లేవమని సైగ చేశారు. ఒక మనిషి మాటకు విలువ రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో ఆయనకు తెలుసు. ఆ ఏళ్ళలో సగం ఆయన పెంచినవే. పెంచినవాడికి కోసుకునే హక్కు ఉందనుకున్నారేమో.

మా తమ్ముడికి నా కోపం అర్థం కాలేదు. అంటే, అర్థం కానట్టే మాట్లాడేవాడు.

"నారిచ్చాడు గదక్కా. పంట చేతికొచ్చింది. ఇంకేం కావాలి నీకు?"

"నాకు నిజం కావాలి."

"దాన్ని ఏ కోతకి తూకం వేస్తావే అక్కా," అనేవాడు.

నేను మాస్టారింటికి వెళ్ళడం మానేశాను. ఆయన మా తమ్ముడితో కబుర్లు పంపేవారు. అమ్మాయి ఎలా ఉంది, మనవరాలు బాగుందా. బాగున్నామని చెప్పమనేదాన్ని. అంతకంటే ఎక్కువ చెప్పించలేదు.

తోకచుక్క వచ్చిన ఏడాది, ఎనభై ఆరులో, ఆయనే మా ఇంటికి వచ్చారు. ముందురోజే నందిగామలో చుట్టాలింట్లో దిగి, తెల్లవారుజామునే కర్ర పట్టుకుని వచ్చి, మనవరాలికి తోకచుక్క చూపిస్తానన్నారు. అప్పటికి ఆ పిల్ల చాలా చిన్నది. మా అల్లుడు ఆయన్ను చెయ్యి పట్టుకుని మేడ ఎక్కించాడు. నేను కింద కాఫీ కాస్తూ ఉండిపోయాను. మాటలు మెట్ల మీదుగా వినబడుతున్నాయి.

"ఆ మసకగా ఉన్నదేనా తాతగారూ? తోకేదీ?"

"సిగ్గుపడి ముడిచేసుకుంది."

"ఇది దేనికి సూచన?"

మా ఇంట్లో ఆ మాట ఎవరూ వాడరు. ఎక్కడ పట్టిందో. నేను గరిటె ఆపి విన్నాను.

"నువ్వు నా అంత ముసలిదానివయ్యాక మళ్ళీ వస్తుందనడానికి," అన్నారాయన.

దిగివచ్చి కాఫీ తాగారు. "నువ్వు పైకి రాలేదే అమ్మాయ్," అన్నారు.

"నేను చూసింది చాలండి," అన్నాను.

గ్లాసు కింద పెట్టి, కర్ర తీసుకుని, ఏదో చెప్పబోయి, "కాఫీ బావుంది," అని వెళ్ళిపోయారు. ఆ రోజు ఆయన చెప్పి ఉంటే నేను అక్కడికక్కడే అంతా కొట్టేసేదాన్ని. మేము మాట్లాడుకున్న చివరి మాట కాఫీ గురించి.

సమాధి కార్యక్రమంలో నేను పెదవి విప్పలేదు. తరువాత మాస్టారింట్లో, ఆ ఇంటివారిని ఓదార్చడానికి జరిగిన ఆదరణ కూడికలో అయ్యగారు మాస్టారి జీవితం చెబుతూ నారు సంగతి ఎత్తారు. మళ్ళీ యోసేపే, మళ్ళీ ముందుచూపే. పెద్ద శిష్యురాలినంటూ నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. మా తమ్ముడు నా వైపు చూసి, వద్దన్నట్టు తల ఊపాడు.

లేచాను. నాకు చదువిప్పించిన సంగతి చెప్పాను. రబ్బరు సంగతి చెప్పాను. తరువాత ఇలా అన్నాను: "ఆ నారు మాస్టారు నా సాక్ష్యానికి ముందే పోశారు. ఆయనకు అప్పటికే అనుమానం ఉంది. అది తెలిసుంటే నేను లేచేదాన్ని కాదు. మీ మడులు ఎండేవి కావు. ఆయన చెప్పవలసిన మాట ఇది. ఆయన చెప్పలేదు గనుక నేను చెబుతున్నాను."

చాపల మీద ఎవరూ కదలలేదు. గొడవ అవుతుందనుకున్నాను, కనీసం గుసగుసలైనా. మిరపకోతలకు ఆడవాళ్ళను జట్టుకట్టి తీసుకెళ్ళే ముసలామె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆ రోజు గుట్ట మీద మొదట లేచింది ఆవిడే. ఆవిడ అంది:

"కూకోమ్మా టీచరమ్మా. తెలుసులే."

"ఏం తెలుసు?"

"అంతంత నారు చేతికిస్తే ఎప్పుడు పోసిందో తెలీదా మాకు? మేం చేసేదే అదయ్యె. అందరికీ తెలుసు."

"మరి ఎవరూ అనలేదే?"

"నువ్వు నిలబడి చెప్పావు గదమ్మా. అంటే నువ్వు చిన్నబోతావని ఎవ్వరం ఎత్తలా."

మా తమ్ముడు చాప అంచు పీకుతున్నాడు.

"నీకూ తెలుసా?" అని అడిగాను.

"కట్ట పట్టుకున్నప్పుడే తెలిసిందక్కా."

నేను కూర్చున్నాను. ఇన్నేళ్ళుగా ఈ నిజం నా ఒక్కదాని దగ్గరే ఉందనుకుని, దాన్ని మోస్తున్నాననుకుని బతికాను. ఊరంతా దాన్ని తలా కాస్త పట్టుకుని, నా తల మీద పడకుండా ఆపుతోందట. వాళ్ళది దయ అని నాకు తెలుసు. అయినా, నా ఎదురుగా దాచారన్నది నిజం. మాస్టారు దాచినందుకు మండిన చోటే ఇదీ మండింది. కృతజ్ఞత వేరే చోట పుట్టింది. రెండూ కలవలేదు. కలిశాయని రాస్తే మీకు బాగుంటుంది గాని, అది వచ్చిన జవాబు కాదు.

కూడిక అయ్యాక అమ్మగారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ వాకిట్లో గోడవారగా అరుగు మీద ఉన్నారు.

"నారు పొయ్యమంది మీరేనా అమ్మగారూ?" అని అడిగాను. ఆవిడ ఔనంటే ఆయన నేరం కొంత తగ్గేది.

"నేనెందుకంటానే? ఆయనే వెళ్ళి ఆయనే చల్లాడు. నీకు చెప్పమని పోరుపెట్టా. వినలా," అన్నారు. మళ్ళీ, "నువ్వు రావడం మానేసాక నీ కోసం అడుగుతూనే ఉండేవాడు. రమ్మనమని మాత్రం ఎవర్నీ పంపలా. మొహం చెల్లలేదు," అన్నారు.

మోకాళ్ళు పట్టేశాక ఆయన మేడ ఎక్కలేదట. రోజూ మునిమాపు వేళ వాకిట్లోనే, ఒకే చోట కుర్చీ వేయించుకుని, పడమటి వైపు తిరిగి కూర్చునేవారట. చూపు పోయాక కూడా. అది మట్టి వాకిలి. కుర్చీ కోళ్ళు దిగి దిగి నాలుగు గుంటలు పడ్డాయి. అప్పుడే వాన వెలిసింది. నాలుగింటిలోనూ నీళ్ళు నిలిచి ఉన్నాయి.

అమ్మగారి కోడలు నా కోసం కుర్చీ తెచ్చి, చేతి అలవాటు కొద్దీ దాన్ని ఆ గుంటల్లోకే దించింది.

"అక్కడొద్దమ్మా," అన్నాను.

తీసి అరుగు పక్కకు వేసింది. కూర్చున్నాను. కుర్చీ కోళ్ళు కలిపిన బురద ఆ నాలుగు గుంటల్లో మెల్లగా అడుక్కు దిగుతోంది.